శివలీల ముఖం మీద రెండు రకాల వెలుతురు

కాలిన వెంట్రుక వాసన నాకు ఇష్టం. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లే ముక్కు మూసుకుని నవ్వుతారు. కానీ వెంట్రుకలు తీసే గదిలో పద్నాలుగేళ్లు నిలబడ్డ నర్సును నేను. మాకు ఆ వాసన వచ్చిందంటే పని జరిగిందని అర్థం. మిషన్ నుంచి వెలుతురు బయల్దేరింది, చర్మంలోకి దిగింది, వెంట్రుకలోని నలుపు దాన్ని పట్టుకుంది, వేడెక్కింది, ఆ వేడి వేరుకు తగిలింది. ఇదంతా రెప్పపాటులో! కత్తి లేదు, రక్తం లేదు. వెయ్యిసార్లు చూసినా నాకు మొదటిసారి చూసినట్టే ఉండేది.

నా పేరు విజయ. ముందు కాన్పుల వార్డులో పనిచేశాను. తర్వాత జహీరాబాద్‌లో మోహన్‌రావు గారనే చర్మ వైద్యుని దవాఖానాలో చేరి, పోయినేడు పని మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "మేడం, ఐపీఎల్ మంచిదా, లేజర్ మంచిదా?"

జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ ఒక్క ముక్కలో చెప్పింది ఎవరికీ గుర్తుండదు. నాకు గుర్తుండేట్టు నేర్పింది ఒక మనిషి ముఖం. అందుకే ఆ మనిషి గురించే చెబుతాను.

బోర్డు మీద రాసిన మాట

మా దవాఖానాకు మొదట వచ్చిన మిషన్ ఐపీఎల్. అది లేజర్ కాదు. పెద్ద ఫ్లాష్ లైటు అనుకోండి. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వెలిగినట్టే వెలుగుతుంది. అందులో చాలా రంగుల వెలుతురు కలిసి ఉంటుంది. పనికిరాని రంగులను ముందున్న గాజు అడ్డుకుంటుంది, మిగిలినవి చర్మంలోకి పోతాయి. లేజర్ అలా కాదు. దాంట్లో ఒకే రకం వెలుతురు ఉంటుంది, అది తిన్నగా, ఒకే లోతుకు గురిపెట్టి వెళుతుంది.

మిషన్ అమ్మిన మనిషి టై కట్టుకుని వచ్చి, మూడు గంటలు నేర్పి, పోతూ పోతూ అన్నాడు. "బోర్డు మీద లేజర్ అని రాయించండి సార్. ఐపీఎల్ అంటే మనోళ్లు క్రికెట్ అనుకుంటరు."

అందరం నవ్వాం. బోర్డు మీద లేజర్ అనే రాయించాం. ఆ నవ్వుకు తర్వాత నేను చాలా సిగ్గుపడ్డాను. ఆ ఒక్క మాటతో, వచ్చేవాళ్లకే కాదు, నాకు కూడా రెండూ ఒకటే అన్న భ్రమ పుట్టింది. మీరు నడిపే మిషన్ ఏమిటో ముందు మీకు మీరు సరిగ్గా పేరు పెట్టి చెప్పుకోండి. తర్వాతే మనిషి మీద చెయ్యి పెట్టండి.

మిషన్‌ను తిట్టడం లేదు నేను. ఆ ఐపీఎల్‌తో ఎంత మంచి పని చేశామో! ఒక్కో దెబ్బకు, అంటే మిషన్ ఒక్కసారి వెలిగితే, వేలెడంత జాగా పూర్తవుతుంది కాబట్టి కాళ్లు, చేతులు తొందరగా అయిపోతాయి. చామనఛాయ కన్నా తేలిక రంగువాళ్లకు, నల్లగా మందంగా వెంట్రుకలున్నవాళ్లకు బాగా పనిచేసింది. ఆరేడు సార్లు వచ్చాక వాళ్లు చేతులు నిమురుకుంటూ నవ్వుతుంటే నాకు ఇంటికెళ్లి వంట చెయ్యబుద్ధి కూడా అయ్యేది కాదు, మళ్లీ ఇంకొకరిని పిలవాలనిపించేది.

కానీ ఒక సంగతి ఉంది. వెలుతురుకు నలుపు కావాలి. ఆ నలుపు వెంట్రుకదా, చర్మానిదా అనేది దానికి తెలియదు. తెలుసుకోవాల్సింది మనం.

మాస్కు తియ్యని టైలరు

శివలీల కరోనా పోయిన తర్వాత వచ్చింది. ఊరు న్యాల్‌కల్ వైపు. వాళ్ల తాతలు బీదర్ పక్క నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో కన్నడం, బయట మన మాట. ఇరవై ఆరేళ్లుంటాయి. జాకెట్లు కుడుతుంది, పని ఉన్నప్పుడు తల్లితో కలిసి కంది చేనుకు పోతుంది. జనమంతా మాస్కులు తీసేసి చాలా రోజులైంది. ఆమె మాత్రం తియ్యలేదు.

తలుపు వేశాక కూడా మాస్కుతోనే కూర్చుంది.

"తియ్యి బిడ్డా, ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్న" అన్నాను.

తీసింది. గడ్డం కింద, దవడల మీద దట్టంగా నల్లటి వెంట్రుకలు. పొద్దున గీసుకున్నట్టుంది, రెండు మూడు చోట్ల కోసుకున్న గుర్తులు.

"రోజు అయిదింటికే లేస్త సిస్టర్" అంది. "అమ్మ లేవకముందే గీసుకుంట. సాయంత్రానికి మల్ల గరుకు వస్తది. జాకెట్ కొలత తీసుకునేటప్పుడు ఆడోళ్లకు మస్తు దగ్గరికి పోవాలె కదా. కరోనా వచ్చి నాకు మేలు చేసింది. మాస్కు ఎందుకని ఎవ్వరు అడగలే. ఇప్పుడు అందరు అడుగుతున్రు."

"ఏమంటున్నవ్ మరి?"

"దుమ్ము పడదని చెప్తున్న. ఎన్నొద్దులు చెప్త?"

ఆమె చర్మం చామనఛాయ కన్నా బాగా నలుపు. నాలాంటిదే. డాక్టర్ గారు చూసి, తక్కువ శక్తితో మొదలుపెట్టమన్నారు. మొదటిసారి చెవి వెనక, దవడ మూల చిన్న చోట వేసి, వారం ఆగి, ఏమీ కాలేదని చూసి అప్పుడు ముఖం మీద వేశాను. రెండోసారి కూడా తక్కువ శక్తే. కొన్ని వెంట్రుకలు రాలాయి. శివలీల ఫోన్ చేసి, "సిస్టర్, ఎడమ దిక్కు రెండొద్దులు గీసుకోలే!" అని చెప్పినప్పుడు నేను బజారులో ఉన్నాను. కూరగాయల సంచి కింద పెట్టి మరీ విన్నాను.

ఆ సంతోషమే నన్ను తప్పుదారి పట్టించింది. ఇది గట్టిగా చెబుతున్నాను. తప్పులు బద్ధకం వల్లే జరుగుతాయని మీకు చెబుతారు. నేను చేసిన పెద్ద తప్పు ఉత్సాహంతో జరిగింది.

మూడోసారి

మూడోసారి ఆమె వచ్చేసరికి మధ్యలో నెలన్నర గడిచింది. ఆ నెలన్నరలో ఆమె కంది చేనులో కలుపు తీసింది. ముఖం ఎండకు మరింత నల్లబడింది. అది నా కళ్ల ముందే ఉంది. నేను చూశాను, కానీ లెక్కలోకి తీసుకోలేదు. నా మనసంతా ఒక్కటే ఆలోచన, ఈసారి మిషన్ మీద శక్తి నంబర్ జర పెంచితే ఎంత మంచిగా రాలుతాయో అని. కొత్తగా టెస్టు చెయ్యలేదు. డాక్టర్ గారికి చూపించలేదు. నంబర్ పెంచాను.

మొదటి దెబ్బకే ఆమె అదిరిపడింది.

"మంట మస్తు అయితుంది సిస్టర్."

"గంతే ఉంటది బిడ్డా. ఇప్పుడే అయిపోతది."

ఈ మాట నోటినుంచి వచ్చిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. కాన్పుల వార్డులో నొప్పులు పడేవాళ్లకు చెప్పీ చెప్పీ నోటికి అలవాటైన మాట. అక్కడ అది ధైర్యం చెప్పడం. ఇక్కడ అది నా చెవులు మూసుకోవడం. మంట ఎక్కువైందని మనిషి చెబితే ఆపాలి. ఆమె చర్మం మనకన్నా ముందు ఆమెకు తెలుస్తుంది.

కుడి దవడ పూర్తయి, జెల్ తుడిచేసరికి చర్మం మీద దీర్ఘచతురస్రాలు, ఇటుకలు పేర్చినట్టు, ఎర్రగా తేలాయి. మిషన్ ముందున్న గాజు ఎంత ఉందో అంతే కొలతలో. ఐస్ పెట్టి, డాక్టర్ గారిని పిలిచాను.

ఆయన చూసి ఆమెతో నెమ్మదిగానే మాట్లాడారు, మందు రాశారు, ఎండకు పోవద్దని చెప్పారు. ఆమె వెళ్లాక నా వైపు తిరిగారు.

"సిస్టర్, నిజం చెప్పు. టెస్టు చేసినవా?"

"లేదు సార్."

"నంబర్?"

చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. కోప్పడతారనుకున్నాను. కానీ ఆయన అన్నారు. "నేను కూడ ఆమెను నెలసరి సరిగ్గ వస్తుందా అని అడగలే. గడ్డం మీద గంత దట్టంగ వచ్చిన పిల్లకు ముందు రక్త పరీక్ష రాయాలె. మిషన్ ఉందన్న ధీమాల డాక్టర్ పని మర్చిపోయిన."

ఆయన దగ్గర నేను చాలా నేర్చుకున్నాను, కానీ అన్నిటికన్నా పెద్దది ఇదే. తప్పును నా ఒక్కదాని మీదే పడెయ్యడానికి ఆయనకు మంచి అవకాశం దొరికింది. ఆయన దాన్ని వాడుకోలేదు.

మరుసటి రోజు పొద్దున నేను వచ్చేసరికి, ఆయన స్టూలెక్కి, బోర్డు మీద లేజర్ అన్న మాటపై తెల్ల రంగు పూస్తున్నారు. చొక్కా మీద కూడా రంగు పడింది. "మిషన్ అమ్మినాయనకు ఏం జెప్పాలె సార్?" అని అడిగాను. "క్రికెట్ అనుకుంటె అనుకోనియ్యి" అన్నారు.

వాళ్లింటికి పోయిన రోజు

వారం గడిచినా శివలీల రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నేను ఆదివారం బస్సెక్కి, తర్వాత ఆటో ఎక్కి వాళ్ల ఊరు పోయాను. భయం వేసింది. తిడితే పడాలని మనసులో అనుకుంటూనే పోయాను.

వాళ్లమ్మ కాశమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది.

"నువ్వేనా నా బిడ్డ మొఖం కాల్చింది?"

"అవునమ్మా. నేనే."

ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. నేను లేదంటానని అనుకున్నట్టుంది. లోపలి నుంచి శివలీల వచ్చింది. బొబ్బలు ఎండిపోయాయి, కానీ వాటి చోట నల్లటి మచ్చలు పడ్డాయి. మూడు వరసలు. చూస్తుంటే నా కళ్లు నిండాయి.

"తప్పు నాదే బిడ్డా" అన్నాను. "నువ్వు ఎండల పని చేసి వచ్చినవని నాకు కనవడింది. అయినా ఆగలే. మంటన్నప్పుడు కూడ ఆగలే. మచ్చలు పోతయి, కానీ నెలలు పడుతది. డాక్టర్ సాబు రాసిన మందు పెట్టాలె. ఎండకు మొఖం చూపియ్యొద్దు."

"మిషన్ ఖరాబయిందని చెప్తవనుకున్న" అంది శివలీల. "నా చర్మమే మంచిది కాదంటవనుకున్న. గందుకే ఫోన్ ఎత్తలే."

"నీ చర్మం మంచిగనే ఉంది. నాదీ గదే రంగు."

కాశమ్మకు అప్పటిదాకా బిడ్డ రోజూ తెల్లవారకముందే ముఖం గీసుకుంటున్న సంగతే తెలియదట. కాలిన మచ్చల వల్లే బయటపడింది. ఆమె బిడ్డ వైపు తిరిగి అడిగింది. "నాకెందుకు చెప్పలేవే? మీ మేనత్తకు గిట్లనే ఉండె. గా కాలంల ఏం జేస్తుండెనో దాని పానానికే ఎరిక."

ఆ రోజు నేను తిరిగి వచ్చేటప్పుడు రక్త పరీక్షకు వస్తానని శివలీల మాటిచ్చింది. వచ్చింది. అండాశయాల సమస్య ఉందని, మగ హార్మోను కొంచెం ఎక్కువగా ఉందని తేలింది. డాక్టర్ గారు మందులు మొదలుపెట్టి, గైనకాలజీ డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. లోపల కారణాన్ని వదిలేసి పైన ఎంత కాల్చినా కొత్తవి పుడుతూనే ఉంటాయి. ఈ ఒక్కటి ముందే చూసి ఉంటే సగం దారి అప్పుడే నడిచేవాళ్లం.

"మొదలు నీ మీద ఎయ్యి"

మచ్చలు పోవడానికి ఏడు నెలలు పట్టింది. అదే సమయంలో డాక్టర్ గారు కొత్త మిషన్ తెప్పించారు. ఈసారి అసలు లేజరే. యాగ్ లేజర్ అంటారు. దాని వెలుతురు కంటికి కనిపించదు. పై చర్మంలోని రంగును పెద్దగా పట్టించుకోకుండా లోతుకు పోయి, వెంట్రుక వేరు దగ్గర వేడి పుట్టిస్తుంది. అందుకే మనలాంటి నల్లని చర్మానికి మిగతావాటికన్నా భద్రం. నేను నేర్చుకోవడానికి హైదరాబాద్ పోయి పదిహేను రోజులున్నాను. ఈసారి మూడు గంటల చదువు కాదు. యాభై ఏళ్లు దాటిన దాన్ని, ముందు వరసలో కూర్చుని, పిల్లలకన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగాను. ఎంత సరదాగా గడిచాయో ఆ రోజులు!

తిరిగి వచ్చాక శివలీలకు ఫోన్ చేసి చెప్పాను. రమ్మని అనలేదు. ఇలా ఒకటి వచ్చింది, ఇది వేరు, ఎందుకు వేరంటే ఇందుకు అని మాత్రం చెప్పాను. నాలుగు రోజుల తర్వాత ఆమే వచ్చింది, కాశమ్మను వెంట పెట్టుకుని.

కుర్చీలో కూర్చోకుండానే అంది. "అక్కా, నీదీ నాదీ ఒకటే రంగంటివి. మొదలు నీ మీద ఎయ్యి. నేను చూస్త."

సిస్టర్ పోయి అక్క అయింది. అది నాకు ఎంత పెద్ద బహుమతో చెప్పలేను. ముగ్గురం నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాం. నా ఎడమ ముంజేతి మీద మూడు దెబ్బలు వేసుకున్నాను. వేడి సూది గుచ్చినట్టు చురుక్కుమంది. ఐపీఎల్ కన్నా నొప్పి ఎక్కువే, అబద్ధం చెప్పను. కాశమ్మ నా చెయ్యి పట్టుకుని, కళ్లద్దాలతోనే దగ్గరికి వంగి చూసింది.

"కాలలే" అంది.

"రేపు కూడ చూడాలె. ఎల్లుండి కూడ" అన్నాను.

శివలీలకు ఆ రోజు దవడ వెనక ఒక్క చోట మాత్రం వేసి పంపించాను. పది రోజులు ఆగాను. మధ్యలో రెండుసార్లు వచ్చి చూపించింది. మచ్చ లేదు. అప్పుడు డాక్టర్ గారు పక్కన నిలబడి ఉండగా ముఖం మీద మొదలుపెట్టాను. ప్రతి నాలుగు దెబ్బలకు ఆగి అడిగాను. ఒకసారి ఆమె చెయ్యి ఎత్తగానే ఆపి, చల్లగాలి పెట్టి, నంబర్ తగ్గించాను. అప్పుడు గదిలో ఆ వాసన లేచింది.

రెండు వారాల తర్వాత ఫోన్ మోగింది. అటువైపు శివలీల ఏం చెబుతోందో అర్థం కాలేదు. ఒక్కోసారి నవ్వు, ఒక్కోసారి కన్నడం. చివరికి కాశమ్మ ఫోన్ లాక్కుని చెప్పింది. "తుండుతోని తుడుచుకుంటె వస్తున్నయి చెల్లె! నల్ల మిరియాల పొడి రాలినట్టు రాలుతున్నయి!" నేను ఫోన్ పట్టుకునే దవాఖానాలో గదిగదికీ తిరిగి అందరికీ వినిపించాను.

ఏది మంచిది?

ఇప్పుడు ఆ ప్రశ్నకు వస్తాను. చర్మం తేలిక రంగులో ఉండి, వెంట్రుక నల్లగా ఉండి, ఎక్కువ జాగా చెయ్యాలంటే ఐపీఎల్ పనికొస్తుంది, నడిపేవాళ్లకు నిదానం ఉంటే. మధ్య రంగువాళ్లకు డయోడ్ అనే ఇంకో రకం లేజర్ మంచిది. బాగా నల్లని చర్మానికి యాగ్. సన్నని వెంట్రుకకు మాత్రం యాగ్ కొంచెం తడబడుతుంది. నెరిసిన వెంట్రుకను ఏ వెలుతురూ ఏమీ చెయ్యలేదు. పట్టుకోవడానికి దాంట్లో నలుపే లేదు. బుగ్గల మీది నూగు జోలికి పోకండి, కొందరికి తగ్గడానికి బదులు పెరుగుతుంది. త్రెడ్డింగ్ చేయించుకుని వచ్చినవాళ్లను తిప్పి పంపండి. దారం వెంట్రుకను వేరుతో సహా పీకేస్తుంది, ఆ వేరు లేకపోతే వేడి ఎక్కడికి పోతుంది? వాళ్లు గీసుకుని రావాలి. "ఒక్కసారితో జన్మంతా పోతాయి" అని ఎవరైనా చెబితే మీరు నవ్వకండి, అది అబద్ధమని చెప్పండి.

శివలీలకు యాగ్‌తో తొమ్మిదిసార్లు పట్టింది. అన్నీ పోలేదు. మందులు వాడుతోంది, ఏడాదికి రెండు మూడుసార్లు దవాఖానాకు పోయి వేయించుకుంటోంది. గడ్డం కింద నాలుగైదు వెంట్రుకలు ఎంతకీ లొంగలేదు. వాటి కోసం ఇంకా శక్తి పెంచుదామా అని నాకే చెయ్యి దురద పెట్టింది. ఆమే వద్దంది. "గవి ఉండనియ్యి అక్కా. నేను పట్టకారుతోని చూసుకుంట. ఇప్పుడు అయిదింటికి లేస్తలేను, గది చాలు." ఎక్కడ ఆపాలో మిషన్ చెప్పదు, నర్సు కూడా నిర్ణయించకూడదు. ఆ మాట ముఖం ఉన్నవాళ్ల నుంచి రావాలి.

పోయిన నెల మా అక్క కూతురి లగ్గానికి జాకెట్ కుట్టించుకుందామని శివలీల దుకాణానికి పోయాను. బడి పక్కన చిన్న గది. లోపల నలుగురు ఆడవాళ్లు బట్టలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. శివలీల ముఖానికి మాస్కు లేదు. నా మెడకు టేపు చుట్టి, ముఖం నా ముఖానికి జానెడు దూరంలో పెట్టి, పెదాల మధ్య నాలుగు గుండు పిన్నులు పట్టుకుని, ఆ పిన్నుల సందులోంచే కసిరింది.

"కదలకు అక్కా! మెడ గింత లోతు వద్దు నీకు. గీ వయసుల గా ఫ్యాషన్లన్ని ఎందుకు?"

నలుగురూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. కొలతలు రాసుకుంటూ ఆమె చేతుల పొడవు గురించి, గుండీల గురించి, నేను తెచ్చిన బట్ట నాణ్యం గురించి గొణుగుతూనే ఉంది. తన ముఖం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె వెనక గోడకు పెద్ద అద్దం ఆనించి ఉంది. దాన్ని నా వైపు తిప్పింది, తను మాత్రం ఒక్కసారైనా అందులోకి చూసుకోలేదు.